మూడు ప్యానెళ్ల గార్త్

రాయ్‌పూర్‌లోని భన్‌పురి తెలుగు ఇళ్లలో పెరిగిన మా తరానికి బొమ్మల కథల వీరుడు గార్త్ హిందీలోనే పరిచయం. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుమార్గం పూర్తవడంతో ఉత్తరాంధ్రకు ఈ ఊరు దగ్గరైంది. రైల్వే కొలువులకని కొందరు, ఫ్యాక్టరీ పనులకని మరికొందరు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. కామిక్స్ కూడా హిందీవే. అద్దె కొట్టు నుంచి తెచ్చిన ఇంద్రజాల్ కామిక్స్ పొద్దుగూకేలోగా ఇల్లంతా చుట్టివచ్చేది. ఇంకా చదవడం రాని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ కథ తెలుగులో చెప్పడం పెద్దపిల్లల పని.

టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టింది. 1990 దాకా నడిపింది. అందులోని వేతాళుడు, మాండ్రేక్ అమెరికాలో లీ ఫాక్ సృష్టించినవాళ్లు. ఆబిద్ సుర్తీ 1976లో తెచ్చిన బహదూర్ మనవాడు. వాళ్ల మధ్య ఎప్పుడైనా ఒకసారి కండలు తిరిగిన గార్త్ కనిపించేవాడు. కాలంలో వెనక్కీ ముందుకీ ప్రయాణించే ఈ వీరుడు బ్రిటన్‌వాడని మాకు తెలియదు. తెలిశాక పాత సంచికలను చదివే పద్ధతే మారిపోయింది.

1943 జులై 24న లండన్ డైలీ మిర్రర్‌లో గార్త్ మొదటిసారి కనిపించాడు. యుద్ధంవల్ల కాగితానికి కరువు, పత్రికలు కొద్ది పుటలకు కుంచించుకుపోయిన కాలం. అయినా మిర్రర్ బొమ్మల కథలను వదులుకోలేదు. చిత్రకారుడు స్టీవ్ డౌలింగ్, గోర్డన్ బాషెల్ కలిసి ఈ పాత్రను రూపొందించారు. గతం గుర్తులేని ఒక మహాబలుడు సముద్రంలో తెప్పమీద కొట్టుకురావడంతో కథ మొదలవుతుంది. ప్రొఫెసర్ లూమియేర్, దేవత ఆస్ట్రా తర్వాత వచ్చి చేరారు. 1997 వరకు ఆ కథ సాగుతూనే ఉంది.

అంటే గార్త్ పుస్తకం కోసం పుట్టలేదు, రోజువారీ పత్రిక కోసం పుట్టాడు. రోజుకు దక్కేది పుటకు అడ్డంగా ఒక్క వరుస, సాధారణంగా మూడు ప్యానెళ్లు. నిన్నటి పత్రిక చూడనివాడికి మొదటి ప్యానెల్ దారి చూపాలి. రెండోది కథను ముందుకు జరపాలి. మూడోది రేపటి పత్రిక కొనిపించాలి. దెబ్బ పడబోతుండగా, తలుపు తెరుచుకోబోతుండగా అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇలా ఒక కథ నెలల తరబడి నడిచేది. 1953 నుంచి 1966 దాకా గార్త్ రాసిన పీటర్ ఓడానెల్ ఈ లెక్క ఒంటబట్టించుకున్నవారు. 1963లో మోడెస్టీ బ్లేజ్ అనే బొమ్మల కథను సృష్టించింది ఆయనే.

బొమ్మలకూ కొన్ని కట్టుబాట్లున్నాయి. గరుకు న్యూస్‌ప్రింట్ మీద సిరా వ్యాపిస్తుంది, పలచటి నీడలు నిలవవు. తెలుపు, నలుపు తప్ప వేరే సాధనం లేదు. ఆ రెంటితోనే చీకటిని, చెమటను, దూరాన్ని చూపాలి. ఈ పనిలో నాకు అందరికన్నా ఎక్కువ ఇష్టమైనవారు ఫ్రాంక్ బెల్లమీ. ఈగిల్ పత్రికలో నిండు రంగులతో పుటలు వేసిన ఆయన 1971లో గార్త్‌కు వచ్చి ఆ రంగులన్నీ వదులుకున్నారు. వాటి స్థానంలో చుక్కలు, సన్నగీతలు, అకస్మాత్తుగా విరుచుకుపడే నలుపు వచ్చాయి. గార్త్ భుజం మీద చుక్కలు దట్టమవుతూ పోయి నీడగా మారే చోట ఎంతసేపైనా ఆగి చూడొచ్చు. ఆయన 1976 జులైలో చనిపోయారు. ఆ బాధ్యతను మార్టిన్ ఆస్‌బరీ అందుకుని చివరిదాకా మోశారు.

ఇంద్రజాల్ ఈ వరుసలను విడగొట్టి పుస్తకం పుటల్లో మళ్లీ అమర్చింది. చోటుకు తగ్గట్టు బొమ్మల అంచులు కోసింది, మాటలు కుదించింది, పైన రంగులు అద్దింది. నలుపుతోనే నీడ పలికించిన చోట ఎరుపో నీలమో పరుచుకుంటే ఆ చుక్కల పని మరుగున పడుతుంది. దాంతో చాలా పోయింది. కానీ ఆ పుస్తకాలే లేకపోతే గార్త్ భన్‌పురికి వచ్చేవాడే కాదు.

అతుకులు మాత్రం పూర్తిగా చెరగలేదు. పాత్రలు ఒకే ప్రమాదాన్ని వెంటవెంటనే రెండుసార్లు చెప్పుకుంటే చిన్నప్పుడు విసుగొచ్చేది. అక్కడ లండన్‌లో ఒక రోజు ముగిసి ఇంకో రోజు మొదలైందన్నమాట. ఉన్నట్టుండి ఒక ముఖం దగ్గరగా వచ్చి, ఆ వెంటనే దృశ్యం మారితే, అదీ ఆనాటి చివరి ప్యానెలే అయ్యుండొచ్చు. ఇంద్రజాల్ పాత సంచిక ఉన్నవాళ్లు పెన్సిల్‌తో ఈ చోట్లు గుర్తుపెట్టి చూడండి. మొత్తం కథ రోజులుగా విడిపోతుంది, ఒక్కో రోజు పనితనం విడిగా కనిపిస్తుంది.

మన తెలుగు బొమ్మల కథల చిత్రకారుడు బుజ్జాయి గారి ‘డుంబు’నూ ఈ కళ్లతో చూడాలని నా కోరిక. పత్రిక ఇచ్చిన కాస్త చోటులో, పిల్లవాడు ఒక్క చూపులో పట్టుకునేలా బొమ్మల కథ చెప్పడం ఆయనకూ తెలిసిన విద్యే. డుంబు అచ్చయిన పాత పత్రికలు ఎవరి అటకమీదైనా ఉంటే తూకానికి వేయకండి. బొమ్మలు మాత్రం కత్తిరించి దాచుకోవడం కూడా వద్దు. తేదీ కనిపించేలా పుట మొత్తం ఉంచండి.