ఒక్క బంతి, ఒక్క రైలు

హుస్నాబాద్‌కు రైలు లేదు. రైలెక్కాలంటే జమ్మికుంటకో, కాజీపేటకో, కరీంనగర్‌కో బస్సు పట్టుకుని పోవాలి. మా దిక్కు వాళ్లకు స్టేషనంటే ప్లాట్‌ఫారం, టికెట్ కిటికీ, చాయ్ కొట్టు. కానీ పల్లెటూరి చిన్న స్టేషన్‌లో అసలు పనితనమంతా స్టేషన్ మాస్టరు గదిలో, గోడవారగా నిలబెట్టిన ఎర్ర ఇనుప యంత్రంలో ఉండేది. దాని పేరు నీల్స్ బాల్ టోకెన్ యంత్రం.

దాని గొప్ప తెలియాలంటే ముందు సింగిల్ లైను చిక్కు తెలియాలి. తీరప్రాంతంలో తెనాలి నుంచి రేపల్లె దాకా 34 కిలోమీటర్ల శాఖా లైను ఉంది, 1916 నాటిది. మన వైపు పెద్దపల్లి–నిజామాబాద్ లైను 177 కిలోమీటర్లు. హుస్నాబాద్ నియోజకవర్గంలోని వంగర వాస్తవ్యులు పి.వి. నరసింహారావు ప్రధానిగా 1993లో దానికి శంకుస్థాపన చేస్తే, పని 2017కు గాని పూర్తికాలేదు. సముద్రం దగ్గరి లైనైనా, మానేరు దగ్గరి లైనైనా ఉన్నది ఒకటే పట్టా. దాని మీదే రాకా, దాని మీదే పోకా. రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండా చూడాలి, అదీ ఏ ఒక్కడి జ్ఞాపకశక్తినీ నమ్ముకోకుండా.

నమ్ముకుంటే ఏమవుతుందో 1874లో ఇంగ్లండులోని థోర్ప్‌లో తేలింది. టెలిగ్రాఫు కబుర్లలో జరిగిన పొరపాటుకు రెండు రైళ్లు ఢీకొని 25 మంది పోయారు. ఆ తర్వాత 1878లో ఎడ్వర్డ్ టయర్ టాబ్లెట్ యంత్రం తెచ్చాడు: టాబ్లెట్ అనే బిళ్ల చేతిలో ఉన్న రైలే ఆ లైను మీద కదలాలి. దాని వెనకున్న ఆలోచననే బంతి రూపంలో మన దేశపు సింగిల్ లైన్లు దశాబ్దాల పాటు వాడుకున్నాయి.

యంత్రాలు ఎప్పుడూ జంటగా ఉంటాయి. ఈ స్టేషన్‌లో ఒకటి, పక్క స్టేషన్‌లో ఒకటి. రెంటికీ మధ్య తీగ. లోపల పిడికిట్లో ఇమిడే ఉక్కు బంతులు వరుసగా ఉంటాయి. ఒక్కో బంతి మీద ఆ రెండు స్టేషన్ల పేర్ల సంకేతాలు, వరుస నంబరు చెక్కి ఉంటాయి. ముందుభాగంలో తిప్పే పిడికి మూడు స్థానాలు: లైన్ క్లోజ్డ్, ట్రెయిన్ గోయింగ్ టు, ట్రెయిన్ కమింగ్ ఫ్రమ్.

రైలు పంపాల్సిన మాస్టరు ముందు గంట కొట్టి అవతలివాణ్ణి పిలుస్తాడు. ఫోనులో లైన్ క్లియర్ అడుగుతాడు. అవతలి మాస్టరు ఒప్పుకుని, తన గంట బొత్తాన్ని నొక్కి పట్టుకుంటేనే తీగలో కరెంటు వచ్చి ఇవతలి సూది కదులుతుంది. అప్పుడే ఇక్కడి పిడి ‘గోయింగ్ టు’ వైపు తిరిగి బంతి బయటికి జారుతుంది. బ్యాంకు లాకరులాగా రెండు చేతులు కలిస్తేనే తెరుచుకుంటుంది. ఒక బంతి బయటికొచ్చిందంటే, అది మళ్లీ ఈ రెండు యంత్రాల్లో ఒకదానిలోకి చేరేదాకా ఎటునుంచీ ఇంకో బంతి రాదు. అంటే ఇంకో రైలు కదలదు.

పనితనం చిన్న చిన్న సంగతుల్లో మరీ బాగా కనిపిస్తుంది. ఒకే గదిలో రెండు వైపులకూ రెండు యంత్రాలుంటాయి గనుక వాటి గంటలకు వేర్వేరు నాదాలు పెట్టారు. ఎటునుంచి పిలుపొచ్చిందో మాస్టరు తల తిప్పకుండానే పట్టేస్తాడు. పక్కపక్క సెక్షన్ల బంతులకు గాడులు వేర్వేరుగా చెక్కారు. ఈ బంతి ఆ యంత్రంలో పట్టదు.

బయటపడ్డ బంతి తోలు సంచిలోకి, ఆ సంచి బెత్తపు వలయానికి చేరేది. ఆగని రైలైతే పాయింట్స్‌మన్ దాన్ని ఎత్తి పట్టుకునేవాడు. ఇంజిన్‌లోని సహాయకుడు చెయ్యి చాచి వలయంలోకి దూర్చి అందుకునేవాడు. రాత్రిపూట కాగడా వెలిగేది.

అయితే ఎంత యంత్రమైనా కళ్లు మూసుకున్నవాణ్ణి కాపాడలేదు. 1921 జనవరి 26న వేల్స్‌లోని అబెర్ములేలో టయర్ యంత్రాలు సరిగ్గానే పనిచేశాయి. కానీ స్టేషన్ సిబ్బంది చేతులు మారి, అప్పుడే వచ్చిన రైలు తెచ్చిన టాబ్లెటే తిరిగి దాని డ్రైవరు చేతికి వెళ్లింది. అతడూ దాని మీది పేరు చదవలేదు. 17 మంది పోయారు. బంతి చేతికి రాగానే పేరు చదివి చూసుకోవడం డ్రైవరు విధి అని అంత గట్టిగా చెప్పేది అందుకే.

ఇప్పుడు బంతుల చోటికి టోకెన్ అవసరం లేని బ్లాకు పద్ధతులు, చక్రాల ఇరుసులను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వచ్చేశాయి. దక్షిణమధ్య రైల్వేలోనే గుల్లగూడ–చిట్గిద్ద మధ్య 2022 మార్చి 4న కవచ్ అనే రక్షణ వ్యవస్థను పరీక్షించి చూపించారు. డ్రైవరు బ్రేకు వేయకపోయినా రైలును ఆపేదది. వస్తువులు మారాయి గాని సూత్రం మారలేదు: ఒక్క మనిషి పొరపాటు ఒక్కటే ప్రమాదానికి చాలకూడదు.

ఆ ఎర్ర యంత్రాలను పాత ఇనుము కింద తూకానికి వెయ్యొద్దని రైల్వేకు మనవి. పెద్ద నగరపు మ్యూజియంలో అద్దాల వెనక పెట్టడం కాదు, కరీంనగర్ స్టేషన్‌లో ఒక జతను పనిచేసే స్థితిలో నిలబెడితే బడిపిల్లలు అటొకరు ఇటొకరు నిలబడి పిడి తిప్పి చూస్తారు. భద్రత అంటే ఏమిటో వాళ్లకు పాఠం చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.