ఊరు వెతుక్కునే పుస్తకాలు

రైల్లో ఇద్దరు తెలుగువాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే పేరు కన్నా ముందు ఊరు అడుగుతారు. ఏ ఊరు, ఆ ఊళ్లో ఎవరి తాలూకు అనే దాకా వెళ్తే గాని ఆ పలకరింపు పూర్తి కాదు. దేశ విభజన మీద, సరిహద్దుల మీద వచ్చిన కథలూ నవలలూ చదివేటప్పుడు నాకు ఆ ప్రశ్నే దారి చూపిస్తుంది. చేతిలో పెన్సిలు పెట్టుకుని కూర్చుంటాను. పాత్ర తన ఊరి పేరెత్తిన చోట అంచున ఒక గీత, దేశం పేరెత్తిన చోట ఒక సున్న. పుస్తకం అయిపోయాక వెనక్కి తిరగేస్తే గీతలన్నీ దాదాపుగా మామూలు మనుషుల మాటల పక్కన ఉంటాయి. సున్నలు అధికారుల పక్కన, ఊరేగింపుల్లో అరిచేవాళ్ల పక్కన గుంపులుగా కనిపిస్తాయి. నన్ను పట్టి కుదిపే పుస్తకాల్లో మాత్రం రెండు గుర్తులూ ఒకే మనిషి పక్కన పడతాయి. ఆ మనిషి ఏం కాబోతున్నాడో తెలుసుకోవడానికే పేజీ తిప్పుతాను.

సాదత్ హసన్ మంటో 1948 జనవరిలో బొంబాయి వదిలి లాహోర్ చేరాడు. అక్కడ ఆయన రాసిన 'టోబా టేక్ సింగ్' కథలో రెండు ప్రభుత్వాలు ఆస్తుల్నీ ఖైదీల్నీ పంచుకున్నట్టే పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్లనూ పంచుకుంటాయి. 1950లో అలాంటి మార్పిడి నిజంగానే జరిగింది. లాహోర్ ఆసుపత్రిలో పదిహేనేళ్లుగా నిలబడే ఉన్న బిషన్ సింగ్‌కు హిందుస్తాన్, పాకిస్తాన్ అనే మాటలు అక్కర్లేదు. తన ఊరు టోబా టేక్ సింగ్ ఇప్పుడు ఎక్కడుందో చెబితే చాలు. చూడ్డానికి వచ్చిన ఊరివాడు ఫజల్‌దీన్‌కు కూడా ఆ ప్రశ్న కొరుకుడు పడదు. ఇక్కడే ఉందంటాడు, కాదు అక్కడంటాడు. ఊళ్లో పుట్టి పెరిగినవాడే తన ఊరు ఎటుందో చెప్పలేని స్థితికి వచ్చాడంటే, పిచ్చి ఎవరికి పట్టిందో మంటో విడిగా చెప్పనక్కర్లేకపోయింది. టోబా టేక్ సింగ్ ఇప్పటికీ పాకిస్తాన్ పంజాబ్‌లో అదే పేరుతో ఉంది. అప్పట్లో అది ఏ జిల్లాలో ఉండేదో ఆ లాయల్‌పూర్ పేరే 1977లో ఫైసలాబాద్‌గా మారింది.

ఆ అయోమయం కల్పన కాదు. రెండు దేశాల మధ్య సరిహద్దు గీత గీయాల్సిన సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జులై 8న తొలిసారి ఈ దేశంలో అడుగుపెట్టాడు. చేతిలో ఉన్నది అయిదు వారాలు. తీర్పు బయటపెట్టింది ఆగస్టు 17న, అంటే రెండు దేశాలూ పండగ చేసుకున్న తరవాత. ఆ మధ్య రోజుల్లో ముర్షిదాబాద్‌లో పాకిస్తాన్ జెండా ఎగిరింది, ఖుల్నాలో భారత జెండా ఎగిరింది. తీర్పు వచ్చాక రెండు చోట్లా జెండాలు దించి మార్చారు. ఏ ఇంట్లోవాళ్లూ గడప దాటలేదు.

అమితావ్ ఘోష్ 1988లో రాసిన 'ది షాడో లైన్స్' దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. అందులో నాయనమ్మ ఢాకాలో పుట్టి, కలకత్తాలో స్కూలు నడిపిన మనిషి. క్రమశిక్షణ, దేశభక్తి ఒంటబట్టిన మనిషి. చెల్లెలి కుటుంబం ఢాకాలో ఉండటంతో చాలా ఏళ్లకు తను పుట్టిన ఊరికి ప్రయాణం కడుతుంది. విమానంలోంచి సరిహద్దు కనిపిస్తుందా అని అడుగుతుంది. కందకాలో, సైనికులో, ఏదో ఒకటి ఉండాలి కదా. ఏమీ లేకపోతే అంతమంది ఎందుకు చచ్చిపోయినట్టు? ఇది చాదస్తపు ప్రశ్న అనుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ నవలలో ఇంతకన్నా నిజాయితీ ఉన్న ప్రశ్న కనబడలేదు. గీతను నమ్మిన మనిషే గీతను చూపించమని అడుగుతోంది. ప్రయాణం పత్రాలు నింపేటప్పుడు పుట్టిన ఊరు ఒక దేశంలో, పౌరసత్వం ఇంకో దేశంలో పడేసరికి ఆమె చెయ్యి ఆగుతుంది. నా పుస్తకంలో ఆ పేజీలో గీతా సున్నా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అదే నవలలో ఢాకా ఇంటి పంపకం ఉంది. అన్నదమ్ములు ఒకరికొకరు పడక, ఇంటి మధ్యలో గోడ కడతారు. లెక్క చిన్నం ఎత్తు తప్పకూడదని ఆ గోడను గుమ్మాల్లోంచి, మరుగుదొడ్డిలోంచి కూడా తీసుకెళ్తారు. తండ్రి పేరు రాసున్న పలకను సైతం పంచుకుంటారు. భాగాలు పడిన ఇంట్లో పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ భాగానికి వివరణ అవసరం లేదు. గోడ లేచాక నాయనమ్మ, చిన్నతనంలో, అవతలి భాగంలో అంతా తలకిందులుగా ఉంటుందని చెల్లెలికి కథలు అల్లి చెబుతుంది. అవతలివాళ్లు మనలాంటివాళ్లు కారు అనే నమ్మకం ఎలా పుడుతుందో ఘోష్ ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లల ఆటలో చూపించి వదిలేశాడు.

ఇంతవరకూ ఊరు తల్లి లాంటిది, దేశమే ఎక్కడినుంచో వచ్చిపడింది అన్నట్టు సాగింది నా మాట. ఆడవాళ్ల కథలు దగ్గరికి తీసుకుంటే అది నిలబడదు. అమృతా ప్రీతమ్ 1950లో రాసిన 'పింజర్'లో పూరోను రషీద్ ఎత్తుకుపోతాడు. ఆమె తప్పించుకుని అర్ధరాత్రి సొంత ఇంటికి చేరితే కన్నవాళ్లే లోపలికి రానివ్వరు. దేశం ముక్కలు కావడానికి ఇంకా ఏళ్లున్నాయి. ఆమె విషయంలో సరిహద్దు పుట్టింటి గుమ్మం దగ్గరే మొదలైంది. తరవాత విభజన వచ్చి, సోదరుడు వచ్చి, వెనక్కి వచ్చెయ్యమన్నప్పుడు ఆమె రానంటుంది. ఎత్తుకుపోయినవాడి ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ ముగింపు ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు. అయినా ఆమె నిర్ణయాన్ని కాదనే హక్కు ఆ తలుపు మూసినవాళ్లకూ లేదు, నాకూ లేదు.

అలా కాదనే అధికారాన్ని ప్రభుత్వం తీసుకుంది. అపహరణకు గురైన వ్యక్తులను వెతికి తిరిగి అప్పగించే చట్టం 1949లో వచ్చింది. ఏ స్త్రీ ఏ దేశానికి చెందుతుందో మతాన్ని బట్టి తేల్చారు. వెళ్లనని చెప్పినవాళ్లనూ పంపించారు. రీతూ మేనన్, కమలా భసీన్ కలిసి రాసిన పుస్తకం, ఊర్వశీ బుటాలియా రాసిన 'ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్' ఒకే ఏడాది, 1998లో ఈ సంగతుల్ని మనుషుల నోటివెంట చెప్పించి బయటపెట్టాయి. బుటాలియా తన కుటుంబంతోనే మొదలుపెడుతుంది. అందరూ ఇటు వచ్చేస్తే ఆమె మేనమామ లాహోర్‌లో ఇంటిని అంటిపెట్టుకుని ఉండిపోయాడు, మతం మార్చుకున్నాడు. ఆమె అమ్మమ్మ కూడా ఆయనతోనే ఉండిపోయింది. నలభై ఏళ్ల తరవాత ఆ తలుపు తట్టి, మేనమామ ఎదురుగా కూర్చుని, అడగాల్సినవి అడిగింది బుటాలియా. ఆయన చెప్పిందాన్ని తీర్పు చెప్పకుండా రాసింది. అంత కోపం, అంత ప్రేమ ఉన్న చోట తీర్పు ఆపుకోవడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుస్తుంది.

మనుషులకు ఎంచుకునే అవకాశం ఇస్తే ఏం చేస్తారు? ఇందుకు మన కాలంలోనే ఒక జవాబు దొరికింది. 2015 జులై 31 అర్ధరాత్రి భారత్, బంగ్లాదేశ్ తమ ఛిట్‌మహల్‌లను మార్చుకున్నాయి. కూచ్ బిహార్ చుట్టుపక్కల ఒక దేశం భూమి చుట్టూ ఇంకో దేశం ఉన్న చిన్న చిన్న తునకలు అవి. బంగ్లాదేశ్ లోపల భారత్‌వి 111, భారత్ లోపల బంగ్లాదేశ్‌వి 51. అక్కడివాళ్లకు దశాబ్దాలపాటు ఓటు లేదు, కరెంటు లేదు. పిల్లల్ని బళ్లో వెయ్యడానికి పక్క ఊరివాణ్ని తండ్రిగా రాయించిన కుటుంబాలున్నాయి. ఏ దేశం కావాలో చెప్పమన్నప్పుడు, బంగ్లాదేశ్ లోపలి భారత తునకల్లో ఉన్న ముప్పై ఏడు వేల పైచిలుకు మందిలో ఇటు వచ్చినవాళ్లు వెయ్యిలోపే. భారత్ లోపలి బంగ్లాదేశ్ తునకల నుంచి అటు వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. పొలం పోతుందన్న భయం ఇందులో ఉండే ఉంటుంది. ఊరు అంటే పొలం కూడా కదా. అక్కడే ఉండి, దేశాన్ని మార్చుకున్నారు.

మనవాళ్ల కథా ఇందులో ఉంది. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచీ, ఉత్తరాంధ్ర నుంచీ రంగూన్ వెళ్లి రేవులో బస్తాలు మోసినవాళ్లను, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లను బర్మాలో కోరంగీలు అనే పిలిచారు. బ్రిటిష్ ఇండియాలో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లామనుకున్నారు వాళ్లు. 1937 ఏప్రిల్ 1న బర్మాను వేరు చేశారు. ఉన్నచోటే పరాయివాళ్లయ్యారు. 1942లో జపాన్ సేనలు వస్తుంటే వేలమంది కొండలు దాటి నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే పోయారు. 1962లో బర్మా సేనాధిపతి నే విన్ అధికారం పట్టి, తరవాత దుకాణాలను జాతీయం చేశాక మరో విడత జనం ఓడలెక్కారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ రాకతోనే పుట్టింది.

అప్పుడు పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు డెబ్బై దాటారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పెద్దవాళ్లుంటే దయచేసి ఈ నెలలోనే వాళ్ల దగ్గర కూర్చోండి. రంగూన్‌లో ఏ వీధి, పక్కింట్లో ఎవరుండేవాళ్లు, ఇంటి తాళం ఎవరికిచ్చి ఓడెక్కారు, ఇక్కడ దిగాక వెళ్లిన చుట్టాల ఇంట్లో ఎవరు తలుపు తీశారు, ఎవరు తియ్యలేదు, అన్నీ అడగండి. మధ్యలో బర్మా మాట వస్తే అలాగే ఉండనివ్వండి. ఫోన్లో రికార్డు చేసి, వాళ్ల యాస సరిదిద్దకుండా రాసిపెట్టండి. రాసినవి నాకు పంపితే ప్రతి పేజీ చదువుతాను.