అటామిక్ 4: పాత తెరచాప పడవ ఇంజిన్ సంరక్షణ

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆష్‌కాష్ పట్టణానికి చెందిన యూనివర్సల్ మోటార్ కంపెనీ 1947లో తయారీ మొదలుపెట్టిన అటామిక్ 4 అనే పెట్రోల్ ఇంజిన్, 1980ల నడిమి వరకు సుమారు 40,000 సంఖ్యలో వెలువడింది. పియర్సన్, టార్టన్, కెటలీనా వంటి కంపెనీలు కట్టిన మధ్యతరహా తెరచాప పడవల్లో ఒక తరం పాటు దీన్నే విరివిగా అమర్చారు. పడవ వెనుక అంచుకు బయట తగిలించే మోటారును ఔట్‌బోర్డ్ అని, పడవ లోపలే బిగించి, పొడవైన ఇరుసు ద్వారా నీటి అడుగున ఉన్న ప్రొపెల్లర్‌ను తిప్పేదాన్ని ఇన్‌బోర్డ్ అని అంటారు. అటామిక్ 4 రెండో కోవకు చెందుతుంది. వీటిలో అనేకం నేటికీ నడుస్తూ ఉండడానికి కారణం వాటిని సొంత చేతులతో చూసుకోవడం నేర్చుకున్న పడవ యజమానులే.

తెరచాపతో సాగే పడవకు ఇంజిన్ అవసరం రోజంతా ఉండదు. గాలి పడిపోయినప్పుడు, ఎదురు ప్రవాహాన్ని దాటవలసినప్పుడు, ఇరుకైన రేవులో చోటు చూసుకొని పడవను కట్టేటప్పుడు మాత్రమే దాన్ని నడుపుతారు. అందుచేత ఏడాదిలో అది తిరిగే గంటలు స్వల్పం, తేమలో ఊరికే పడి ఉండే కాలం దీర్ఘం. ఇటువంటి ఇంజిన్ అరుగుదల కంటే ముందుగా తుప్పుతో, చేరకూడని చోటికి చేరిన నీటితో చెడుతుంది. కాబట్టి దాని సంరక్షణ నేర్చుకోదలచినవారు పానా పట్టడానికి ముందే, అందులో నీరు ఏ దారిన నడుస్తుందో గొట్టం వెంట గొట్టం తడుముతూ తెలుసుకోవాలి.

నిర్మాణపరంగా ఇది నేర్చుకునేవారికి అనువైన యంత్రం. నాలుగు సిలిండర్లు కలిపి ఒక లీటరుకు కొద్దిగా మించిన పరిమాణం, 30 హార్స్‌పవర్ సామర్థ్యం గల ఈ ఇంజిన్‌లో వాల్వులు సిలిండర్ల పక్కనే, బ్లాక్‌లోనే అమరి ఉంటాయి. దీన్నే సైడ్ వాల్వ్ పద్ధతి అంటారు. పైనున్న హెడ్‌లో కదిలే భాగాలేవీ ఉండవు గనుక అది దాదాపు ఒక మందపాటి మూత వంటిదే. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, పంపు అన్నీ పైకి కనిపించేవే. దాచిపెట్టిన ఎలక్ట్రానిక్స్ ఏవీ లేనందున కంటితో చూసి, చెవితో విని, చేత్తో తాకి లోపాన్ని పట్టుకునే వీలు ఈనాటి ఇంజిన్లలో కంటే ఇందులో ఎంతో ఎక్కువ.

తయారైన రూపంలో ఈ ఇంజిన్‌ను చల్లబరిచేది పడవ తేలుతున్న నీరే. పడవ అడుగున సీకాక్ అనే కవాటం గుండా లోపలికి వచ్చిన నీటిని పంపు లాగి, సిలిండర్ల చుట్టూ ఉన్న ఖాళీల్లోకి, మానిఫోల్డ్‌లోకి నెడుతుంది. చివరకు ఆ నీరు వేడి పొగలో కలిసి వెనుక గొట్టం గుండా బయటపడుతుంది. ఈ పంపులోని ఇంపెల్లర్‌ను, అంటే రబ్బరు రెక్కల చక్రాన్ని, పరిశీలించడం యజమాని మొదట చేపట్టదగిన పని. పంపు మూత స్క్రూలు తీసి, చక్రాన్ని బయటికి లాగి, ఒక్కొక్క రెక్కను వేలితో వంచి దాని మొదలు దగ్గర సన్నని పగుళ్లున్నాయేమో చూడాలి. ఒక రెక్క తెగి ఉంటే కొత్త చక్రం వేసి మూత బిగించినంత మాత్రాన పని తీరదు. ఆ ముక్క నీటితో కొట్టుకుపోయి ముందున్న వంపులో ఇరుక్కొని ప్రవాహాన్ని అడ్డుకుంటుంది గనుక, అది దొరికే వరకు గొట్టాలు విప్పి వెదకవలసిందే. సముద్రంలో తిరిగే పడవల్లో ఇంజిన్ వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ మించకుండా చూస్తారు. అంతకు మించితే ఉప్పు లోపలి గోడలకు గడ్డకట్టి దారులను పూడ్చివేస్తుంది.

కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం వాటర్‌లిఫ్ట్ మఫ్లర్. ఇంజిన్‌ను చల్లబరిచిన నీరు ముందు ఈ పెట్టెలో చేరుతుంది, పొగ ఒత్తిడి దాన్ని పైకెత్తి బయటికి నెడుతుంది. ఇంజిన్ అందుకోకపోయినా స్టార్టర్‌ను పదేపదే తిప్పుతూ ఉంటే పంపు నీటిని తోడుతూనే ఉంటుంది, నెట్టడానికి పొగ ఉండదు. పెట్టె నిండి, నీరు వెనక్కి మళ్లి, తెరచి ఉన్న వాల్వుల గుండా సిలిండర్లలోకి దిగుతుంది. అందువల్ల కొద్ది క్షణాల్లో ఇంజిన్ అందుకోకపోతే సీకాక్ మూసివేసి, అందుకున్న మరుక్షణం తెరవడం అలవాటు చేసుకోవాలి. అప్పటికే నీరు దిగి ఉంటే స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజిన్‌ను తిప్పి నీటిని వెళ్లగొట్టి, సిలిండర్లలో నూనె పోసి, ఆయిల్ మార్చి, వీలైనంత త్వరగా ఇంజిన్‌ను వేడెక్కే వరకు నడపాలి. ఈ పనిని మర్నాటికి వాయిదా వేస్తే తుప్పు మొదలవుతుంది.

ఆయిల్ కూడా నీటి జాడ చెబుతుంది. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబారి ఉంటే అందులో నీరు చేరిందని అర్థం. ఈ ఇంజిన్‌కు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. పైగా ముందుకూ వెనక్కూ నడిపే గేరు కూడా అదే ఆయిల్‌లో తిరుగుతుంది. కాబట్టి ఆయిల్‌ను తరచుగా మార్చక తప్పదు. కింద బోల్టు విప్పి ఆయిల్ దింపే చోటు సాధారణంగా దొరకదు గనుక, ఇంజిన్‌ను కాసేపు నడిపి వేడెక్కించి, పలుచబడిన ఆయిల్‌ను డిప్‌స్టిక్ రంధ్రం నుంచి చేతిపంపుతో తోడతారు.

పెట్రోల్ ప్రమాదాన్ని తేలికగా తీసుకోరాదు. దాని ఆవిరి గాలి కంటే బరువైనది, పడవ అడుగున బిల్జ్ అనే గుంటలో పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వతో పేలుతుంది. అందుకే స్టార్ట్ చేసేముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ నడిపి, ఆపైన బిల్జ్‌ను వాసన చూసి నిర్ధారించుకోవాలి. ఈ భయంతోనే పలువురు డీజిల్ ఇంజిన్‌కు మారారు, అది సమంజసమైన నిర్ణయమే. అయితే ఈ క్రమాన్ని ఏనాడూ తప్పని యజమాని చేతిలో పాత పెట్రోల్ ఇంజిన్‌ను ఉంచుకోవడమూ అంతే సమంజసం.

ఇరుసును ఇంజిన్‌తో సరిచూసే పనిని పడవ ఒడ్డున ఉన్నప్పుడు కాక, నీటిలో తేలుతున్నప్పుడే చేయాలి. ఒడ్డున దిమ్మెల మీద నిలిపిన పడవ ఆకారం కొంత మారుతుంది; ఇరుసు, గేరు కలిసే పళ్లేల మధ్య సందు నాలుగు వైపులా సుమారు 0.1 మిల్లీమీటరు తేడాకు లోబడి ఉండాలి గనుక ఆ కొద్ది మార్పే కొలతను తారుమారు చేస్తుంది.

డాన్ మోయర్ ఈ ఇంజిన్ కోసమే రాసిన సర్వీస్ మాన్యువల్, ఆయన స్థాపించిన మోయర్ మెరైన్ అందించే విడిభాగాలు ఈ విద్య కొనసాగడానికి ఎంతో తోడ్పడ్డాయి. మొదటి ఏడాది ఇంపెల్లర్, ఆయిల్, ప్లగ్గులతో ఆపి, కార్బురేటర్ శుభ్రపరచడం తర్వాతి ఏడాదికి ఉంచుకోవడం మేలు. హెడ్ విప్పే పనికి మాత్రం అనుభవజ్ఞుల తోడు కావాలి. దాన్ని పట్టి ఉంచే స్టడ్డులు దశాబ్దాల తుప్పుతో బిగుసుకొని ఉంటాయి, కొద్దిరోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పట్టించకుండా బలం ఉపయోగిస్తే బ్లాక్‌లోనే తెగిపోతాయి.