వరుస కాదు, బుట్ట చూడాలి

షోలాపూర్ పూర్వభాగంలో మా చిన్నాయన కార్ఖానా. తాతల నాడు తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి ఇల్లు మాది. నిద్రైనా చదువైనా సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్యే. సెలవు రోజుల్లో నూలు కండెలు పంచే పని నాది. ప్రతి సాంచాకూ వంతులవారీగా సమానంగా వేసుకుంటూ పోయేదాన్ని. దుప్పటి సాంచాకు పేక నూలు లావు, కండె గబగబా అయిపోయేది. నాడె ఆగిపోయి ఆ సాంచా ఖాళీగా నిలబడేది. పక్కనున్న తువ్వాళ్ల సాంచా బుట్టలో కండెలు పొర్లేవి. "వరుస చూడకు బిడ్డా, బుట్ట చూడు" అనేవాడు చిన్నాయన.

ఇప్పుడు నా పని సర్వర్లకు స్టోరేజీ కలపడం. ఒకే కేబుల్ ఉంటే అది పోయిన నాడు అంతా ఆగుతుంది. అందుకే రెండు కార్డులు, రెండు స్విచ్‌లు, రెండు కంట్రోలర్లు; ఒక్క డిస్కుకు నాలుగు దారులు. వాటిని ఒకే డిస్కుగా చూపించేది మల్టీపాత్. ఏ దారిన ఎంత పని పంపాలో చెప్పాల్సింది మనం; ఆ నియమమే పాలసీ.

లినక్స్‌లో రౌండ్ రాబిన్ అంటే నా చిన్ననాటి వంతులే. క్యూ లెంగ్త్ బుట్ట చూస్తుంది, తక్కువ కండెలున్న చోటికి పంపుతుంది. సర్వీస్ టైమ్ కండెల సంఖ్యతో ఆగదు. వాటిలో నూలెంత, ఆ సాంచా వేగమెంత అని లెక్క కడుతుంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6లో మనమేమీ చెప్పకపోతే వంతులే. 7 నుంచి సర్వీస్ టైమ్. మంచి మార్పు అది.

దారులన్నీ సమానమైతే వంతుల్లో దోషం లేదు. కానీ చాలా స్టోరేజీల్లో డిస్కు ఒక కంట్రోలర్ చేతిలో ఉంటుంది, రెండోదాని గుండా వెళ్తే చుట్టుదారి. నేను పనిచేసిన ఒకచోట నాలుగింటినీ ఒకే గుంపులో వేసి వంతులు పెట్టారు. సగం పని చుట్టుదారిన పోయేది. రాత్రి బ్యాకప్ తెల్లారినా ముగిసేది కాదు. మేం పాలసీ ముట్టుకోలేదు. దగ్గరి దారులను ఒక గుంపు చేసి, చుట్టుదారులను ఆపదకు దాచాం. అప్పటి నుంచి బ్యాకప్ చీకటుండగానే ముగిసేది. అందుకే ముందు గుంపులు, తర్వాతే పాలసీ అంటాను.

మీ సర్వర్‌లో 'మల్టీపాత్ -ఎల్‌ఎల్' కొట్టి గుంపులు చూడండి. నాలుగూ ఒక్కచోటే ఉంటే, మీ స్టోరేజీకి అది తగునో లేదో తయారీదారు పత్రాల్లో వెతకండి. ఆ తర్వాత పని పలుచగా ఉన్న వేళ ఒక కేబుల్ పీకి, మిగిలిన దారులు బరువు మోస్తున్నాయో లేదో కళ్లారా చూసుకోండి.