టర్నర్ సంజవెలుగు

సూర్యాస్తమయమును చిత్రించుటకు ఎరుపు చాలునని నమ్మువారు ఒక్కమారైనను ఆంగ్లచిత్రకారుడైన టర్నర్ మహాశయుని 'ఫైటింగ్ టెమెరేర్' పటమును శ్రద్ధతో పరిశీలింపవలెను. 1839లో లండను రాయల్ అకాడెమీ ప్రదర్శనమున వెలసి, నేడు అచ్చటి నేషనల్ గ్యాలరీలో నున్న ఆ తైలవర్ణచిత్రమున కుడివైపు ఆకాశమంతయు అంటుకొన్నట్లు తోచును గాని, ఆ జ్వాలకు జీవము పోసినది ఎడమవైపున నెలవంక చుట్టును ఆ మహానుభావుడు పరచిన చల్లని నీలమే. ఆ నీలమును అరచేత మూసి చూచినచో సంజ అంతయు వెలవెలబోవును.

ఆయన చేతిపనిని ఎంత పొగడినను తనివి తీరదు. ముదురుపూత పూసిన గుడ్డపై చీకటినుండి వెలుగును పైకి తెచ్చుట పూర్వచిత్రకారుల వాడుక కాగా, నీటిరంగులలో చేయి తిరిగిన టర్నర్ తెల్లని పూతను అడుగున నిలిపి, పలుచని వర్ణములను పొరమీద పొరగా వేసి, కాంతి లోపలినుండి ఉబికివచ్చునట్లు చేసెను. సూర్యుని చెంతకు వచ్చునప్పటికి ఆ పలుచదనమును విడిచి రంగును ముద్దగా దట్టించెను. ఆ పటమునందలి ఓడ త్రాళ్ళను మాత్రము అతిసూక్ష్మరేఖలతో తీర్చెను. దట్టమును సూక్ష్మమును ఒకే పటమున పోరాడకుండ పొందుపరచుట సామాన్యుల వల్లనగు పనియా! అయితే రంగుల నాణ్యమున ఆయనకు పట్టింపు తక్కువ యందురు. త్వరగా వెలిసిపోవు ఎరుపులను వాడెనట, రంగుల వర్తకుడు హెచ్చరించినను వినలేదట.

1832 అకాడెమీ ప్రదర్శనమున జరిగినదని ఆయన సమకాలికుడైన లెస్లీ వ్రాసిన ముచ్చట యొకటి కలదు. తోటి చిత్రకారుడు కాన్‌స్టేబుల్ పటము ఎరుపుతో ధగధగలాడుచుండగా దాని ప్రక్కనున్న టర్నర్ బూడిదవన్నె సముద్రము చిన్నబోయెను. ఆయన వచ్చి, మారుపలుకక, తన సముద్రముపై నాణెమంత ఎఱ్ఱని చుక్క నొకదానిని పెట్టి వెడలిపోయెను. పిదప దానిని ఓడలకు దారి చూపు తేలుడుగుర్తుగా మలచెను. ఆ ఒక్క చుక్కతో ప్రక్కపటము చప్పబడినది.

ఇక మొదటి పటములోని టెమెరేర్ 98 ఫిరంగుల యుద్ధనౌక; 1805లో ట్రఫాల్గర్ సమరమున నౌకాసేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ నౌకకు అండగా నిలిచినది. 1838లో విరుగగొట్టుటకై దానిని ఆవిరిపడవలతో థేమ్సుపై లాగికొనిపోయిరి. అప్పటికే స్తంభములు ఊడదీయబడి వట్టి బొందెగా మిగిలిన ఓడకు టర్నర్ మరల స్తంభములు నిలిపెను. ఇది అసత్యమని ఆక్షేపించువారికి నా సమాధాన మొక్కటే: వీరుని వీరునిగానే సాగనంపుట చిత్రకారుని ధర్మము. ఎవరడిగినను ఆయన ఆ పటమును అమ్మలేదు.

జంషెడ్‌పూరు ఆంధ్రులకు ఈ చిత్రము పరాయిది కాదు. కొయ్యయుగమును ఇనుపయుగము లాగికొనిపోవుటను టర్నర్ చిత్రించెను. ఆ ఇనుపయుగమే 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థతో, నాడు సాక్చి యనబడిన ఈ ఊరికి నడచివచ్చి, 1912లో ఇచ్చట ఉక్కు పోసినది. పొట్టకూటికై కళింగాంధ్రమును విడిచివచ్చిన మన కుటుంబము లెన్నియో ఆ కొలుముల చెంతనే తరములు గడిపినవి. కరగిన చిట్టెమును కుమ్మరించు రాత్రులలో ఈ నగరపు ఆకాశము రెండవ సంధ్యను దాల్చుచుండెడిది. ఖర్కాయి సువర్ణరేఖలో కలియు దొమోహాని ఒడ్డున నిలిచి చూడుడు: సూర్యుడు క్రుంకిన పిమ్మటనే అసలు వర్ణములు తేలును, ఏటవాలు కిరణములు దీర్ఘమైన గాలిపొరలను దాటివచ్చుటచే నీలము చెదరి ఎరుపు మిగులగా, తూర్పున భూమినీడ నల్లని నీలమై మెల్లగా లేచుచుండును. టర్నర్ పటమునందలి చలువను అక్కడ కన్నులార చూడవచ్చును.

ఇట్టి ఆకాశము క్రింద బ్రతుకుచు మన గోడలపై వ్రేలాడదీయుచున్న దేమి? ఒక కొబ్బరిచెట్టు, ఒక నావ, కుంకుమబొట్టువంటి సూర్యుడు! యంత్రముపై అచ్చొత్తిన గుడ్డకు పైపైన జిగురు పూసి, కుంచెచారలు తేల్చి, చేతిపని యని అమ్ముచున్నారు. కొనువారు సోఫా గుడ్డతో వన్నె కలిసినదా యని మాత్రమే చూచుచున్నారు. ఇది పట్టపగటి చౌర్యము. దీనిని చూచి పెరుగు బిడ్డ, పోటీలో కాగితమిచ్చినప్పుడు, కిటికీలోనుండి ఆకాశమును చూడక ఆ కొబ్బరిచెట్టునే గీయుచున్నాడు. వానికే బహుమానమును ఇచ్చుచున్నాము!

ప్రకృతిని చూచి వ్రాయుట మనకు క్రొత్త కాదు. వంగచిత్రకారుల పొగమంచు పూతలకు మనవారు కొందరు దాసోహమన్న దినములలో, రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు, అచ్చటి కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర చేయూతతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి, ప్రకృతిని కంట చూచి వ్రాయు విద్య నేర్చివచ్చి, తన ఊర చిత్రకళాశాలను నెలకొల్పెను. 28 ఏండ్లు నిండకయే, 1925లో, మశూచికము ఆయనను కబళించెను. నేను ఆయన పక్షమువాడనని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

ఈ నగరపు తెలుగు సంఘములవారికి నాదొక విన్నపము. ఉత్సవముల వేళ అచ్చుపటములను చూచి గీయు పోటీలను మాని, బిడ్డలను సువర్ణరేఖ యొడ్డున కూర్చుండబెట్టి, కాగితపు తెలుపును సూర్యునికై విడిచియుంచుటను మొదటి పాఠముగా నేర్పింపుడు. మీ సభామందిరపు గోడకు అచ్చుబొమ్మను కాక, ఇచ్చట కుంచె పట్టి బ్రతుకుచున్న చిత్రకారుని పటమును, ఆయన అడిగిన వెలకే, కొనుడు.