వేటూరివారి రెండు దారులు

మా గోకుందలో తెలుగువారు నలుగురు కూడిన చోట సినిమాపాటను గూర్చిన తగవు రాక మానదు. అది ఎవరో కూనిరాగము తీయుటతో మొదలగును. పెద్దలు గొంతు పెంచుటతో ముగియును. ఆ పెద్దల తీర్పు ముప్పది నలువది యేండ్లుగా ఒక్కటే. వేటూరి సుందరరామమూర్తిగారు మొదట కవియట. పిమ్మట గుంపుకు, డబ్బుకు లొంగి పాటల వర్తకుడైనాడట. ఈ తీర్పును మేమును చిరకాలము నమ్మితిమి. నమ్మి ఊరకుండక దానిని మా పిల్లలపై అమలు జరిపితిమి. ఇప్పుడు దానిని మరల విచారింపవలసి వచ్చినది.

దూరముననున్న పాఠకులకు మా ఊరిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. గోకుంద కిన్వట పట్టణమును ఆనుకొని యున్నది. 1956 లో జరిగిన రాష్ట్రముల పునర్విభజనకు ముందు కిన్వట తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ యేడు నాందేడు జిల్లాలో కలిసి బొంబాయి రాష్ట్రమునకు చేరినది. 1960 లో మహారాష్ట్రమైనది. ఇల్లు విడువకయే మా తాతలు మూడు రాష్ట్రములలో కాపురము చేసిరి. బడిలో మరాఠీ, బజారులో మరాఠీయు హిందీయు, వంటయింట తెలుగు. అక్షరము మొదటి తరముతోనే సన్నగిల్లినది. మాట మాత్రము నిలిచినది. దానిని నిలిపినవి రెండు: ఇంటిలోని ముసలమ్మల నాలుక, రేడియోలోని పాట. సిలోను రేడియో తెలుగు ప్రసారమును, హైదరాబాదు కేంద్రమును చెవియొగ్గి విన్న కాలమది. చిత్రము చూడవలెనన్న కిన్వటలో రైలెక్కి ఆదిలాబాదు పోవలసినదే. కనుక పాట మాకు ముందు వినబడెడిది, ఎన్నో నెలలకు గాని కనబడెడిది కాదు. ఈ సంగతి మా విచారణలో మరల అక్కరకు వచ్చును.

తగవు పుట్టినది 1977 లో. ఆ యేడు ఏప్రిలులో విడుదలయైన ‘అడవిరాముడు’ చిత్రమునకు పాటలన్నియు వేటూరివారు వ్రాసిరి, సంగీతము కె. వి. మహదేవనుగారిది. అంతకు మునుపు కె. విశ్వనాథుగారి ‘ఓ సీత కథ’ (1974), ‘సిరిసిరిమువ్వ’ (1976) చిత్రములలో వేటూరివారి పలుకు విని మురిసిపోయినవారు చాలమంది. ‘సిరికాకొలను చిన్నది’ అను సంగీతరూపకము వ్రాసినవారు, పత్రికలలో పనిచేసినవారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంశమువారు అని వారిని గౌరవించుకొనిరి. అట్టి కలమునుండి తడిసిన కోకను ఆరవేసికొను పాట వచ్చునా యని వారు నొచ్చుకొనిరి. వీథివీథిని, పెండ్లి బ్యాండులో, టీకొట్టులో ఆ పాట మ్రోగినకొలది వారి నొప్పి హెచ్చినది.

ఇక తేదీలు చూడుడు. ‘శంకరాభరణము’ విడుదలయైనది 1980 ఫిబ్రవరి 2 న. అనగా ‘అడవిరాముడు’ వచ్చిన దాదాపు మూడేండ్లకు. రచయిత వేటూరివారే, సంగీతదర్శకుడు మహదేవనుగారే, పాడినవాడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యమే. ఆ చిత్రమునకు సంగీతమునకుగాను మహదేవనుగారికి, గానమునకుగాను బాలసుబ్రహ్మణ్యమునకును వాణీజయరాముగారికిని జాతీయ పురస్కారములు వచ్చినవి. దిగజారినవారు మూడేండ్లకు ఆ శిఖరమెట్లు ఎక్కిరి? ఎక్కినవారు మరల దిగిరందురా? 1983 లో ‘ఖైదీ’ పాటలు వ్రాసినవారు వేటూరివారే. ఆ యేడే ‘సాగరసంగమము’ పాటలును వ్రాసిరి. ఒకే సంవత్సరము, ఒకే చేయి. ముందు మంచికాలము, తరువాత చెడుకాలము అని గీత గీయుటకు వీలు లేకున్నది. మేము ఇన్నేండ్లు చెప్పుకొన్న పతనకథ తేదీల వరుసకు నిలువదు. పంచాంగము చూడక పెట్టిన ముహూర్తమువంటిది మా తీర్పు.

ఇట్టి తగవు మనకే వచ్చినది కాదు. మా ఇంటి కుఱ్ఱవాడొకడు పూనాలో చదువుకొనుచు ఇంగ్లీషు సంగీతము వినును. వాని వలన తెలిసినది: ఇంగ్లండులో ‘జెనిసిస్’ అను వాద్యబృందము 1970 దశకమున దీర్ఘరచనలు చేసి విద్యావంతుల మన్నన పొందినది. 1975 లో గాయకుడు పీటర్ గేబ్రియల్ విడిపోగా, మద్దెల వాయించు ఫిల్ కాలిన్స్ గాయకుడైనాడు. 1986 లో వారి చిన్నపాట యొకటి అమెరికాలో మొదటి స్థానమునకు ఎక్కినది. పాత అభిమానులు కాలిన్స్ బృందమును చెరచినాడనిరి. అయితే ఆ దీర్ఘరచనలలో లయ నిలిపినవాడును అతడే. 1970 నుండి ఆ బృందములోనివాడే. ఇప్పుడు అభిమానులు ఆ చిన్నపాటలను మరల విని, ఇందులోను పనితనము కలదే యని తలలు పంకించుచున్నారట. వినుచుండగా మాకు మా తగవే జ్ఞప్తికి వచ్చినది. (ఆ సంగీతము మాకు రుచించినదని చెప్పజాలము. అది వేరు సంగతి.)

పాట పుట్టు విధము తెలియనిదే దీనిని తేల్చుట కష్టము. మహదేవనుగారి పద్ధతి లోకవిదితము. సామాన్యముగా వారు కవి వ్రాసి తెచ్చిన పాటను ముందుంచుకొని, అక్షరముల నడకనుబట్టి బాణీ కట్టెడివారు. పలుకే తాళమును చూపెడిది. కనుక ‘అడవిరాముడు’ పాటను కేవలము బాణీకి అతికిన మాటలని కొట్టివేయరాదు. కోక పాటనే తీసికొందము. ఆరవేసికొనుట, పారవేసికొనుట అను రెండు ఇంటిమాటలను ఎదురెదురుగా నిలిపి పల్లవి కట్టిరి. రెండింటను మొదటి యక్షరము గురువు. రెండవ యక్షరము రేఫ. మన ఛందస్సులో ద్వితీయాక్షర ప్రాస యనునది ఇదియే. నన్నయ నాటినుండి వృత్తపద్యమునకు విధియైన నియమమును చాకిరేవు మాటలతో పాటించిన పల్లవిని మేము అంగడిసరుకంటిమి. ఆ ప్రాస వలననే అది పామరుని నాలుకకు అంటుకొన్నదను సంగతి మాకు తోచలేదు.

మన సాహిత్యములో ఇది క్రొత్తయు కాదు. నైషధమును తెనిగించిన శ్రీనాథుని పేరనే ద్విపదలో పలనాటి వీరచరిత్రయు కలదు. మేముండు మహారాష్ట్రములోనే చూడుడు: షోలాపురపు రామజోశి పండితవంశమున పుట్టి తమాషా లావణీలు వ్రాసెను, మోరోపంతుని ప్రభావమున తరువాత కీర్తనలవైపు మరలెనని చెప్పుదురు. మరాఠీవారు అతని లావణీలను పారవేయలేదు. మా యిరుగుపొరుగు మరాఠీ ఇండ్లలో అభంగమును లావణీయు ఒకే పెట్టెనుండి వినబడును. మేమే శుచిగా కూర్చుంటిమి.

‘శంకరాభరణము’లోనే ఒక ఘట్టము కలదు. ఇంటి బయట కొందరు కుఱ్ఱవాండ్రు పాశ్చాత్యపు పాటలతో అల్లరి చేయగా శంకరశాస్త్రి వెలుపలికి వచ్చును. వారి బాణీని తాను అవలీలగా పాడి చూపును. తన స్వరమును పాడుడని వారిని పిలుచును. వారు పాడలేరు. సంగీతమున తూర్పు పడమరల భేదము లేదని చెప్పి లోపలికి పోవును. మేము ఆ ఘట్టమును చూచి వారి ఓటమికే చప్పట్లు కొట్టితిమి. శాస్త్రి వారి పాటను మొదట విన్నాడు, నేర్చినాడు, పాడినాడు. ఆ తరువాతనే మాటాడినాడు. మేము ఆ మొదటి పని చేయలేదు.

మా తప్పును ఇచట చెప్పుకొనవలెను. 1980 దశకపు చివరలో ఒక ఉగాదికి మా పిల్లలచేత పాటలు పాడింపదలచితిమి. ‘శంకరాభరణము’, ‘సప్తపది’, ‘మేఘసందేశము’ తప్ప అన్యచిత్రముల పాటలు కూడవని మేమే నియమము పెట్టితిమి. పదేండ్ల బాలిక యొకతె ‘అడవిరాముడు’ పాట నేర్చుకొని వచ్చినది. ఆమెను వేదిక ఎక్కనీయలేదు. వేరొక బాలుడు ఓంకారనాదమును గూర్చిన పాటను తప్పు లేకుండ పాడెను. ఒత్తులు, సమాసములు చక్కగా పలికెను. అందరును మెచ్చుకొనిరి. క్రిందికి దిగిన పిమ్మట వానిని, నీవు పాడినదానికి అర్థమేమి నాయనా యని అడిగితిమి. వాడు తల అడ్డముగా ఊపెను. ఆ బాలికను అడుగుటకు మాకు తోచలేదు. అడిగియుండిన, తన పాటలోని ప్రతి మాటయు ఆమె చెప్పియుండెడిది. అన్నియు వాళ్లమ్మమ్మ మాటలే గదా. మరుసటి యేటినుండి ఆ బాలికయు, ఆమె స్నేహితురాండ్రును హిందీ డిస్కోపాటలు పాడుకొనుచుండిరి. తెలుగుపాట పాడిన తిట్లు వచ్చును, హిందీపాటకు ఎవరును ఏమియు అనరు. ఆ పిల్లలు చేసిన లెక్కలో తప్పేమి కలదు?

ఇట్లనుటచే వేటూరివారు వ్రాసినదంతయు బంగారమని మేము సాధింపబూనుట లేదు. నష్టము జరిగినమాట నిజము. దానికి కారణమును మాత్రము మేము తప్పుగా పట్టితిమి. బాణీ ముందు, మాట వెనుక అను పద్ధతి వచ్చుటచే పాట చెడినదందురు. చక్రవర్తిగారి వద్ద, ఇళయరాజాగారి వద్ద సామాన్యముగా అదే పద్ధతి. కాని ‘సాగరసంగమము’ ఇళయరాజాగారిదే గదా. దానికి జాతీయ పురస్కారమును వచ్చినది. కనుక పద్ధతిని తిట్టి ప్రయోజనము లేదు. యంత్రవాద్యములను, డిస్కోలయను తప్పుపట్టుటయు అంతే. 1986 లో ‘సింహాసనము’తో బప్పీ లహరి తెలుగునకు వచ్చునప్పటికే మన పాట ఆ వైపు నడచియున్నది.

మాకు తోచిన దోషము వేరు. ‘సిరిసిరిమువ్వ’లో పాటకు ఒక మనిషి కలదు: మాటలు రాని నర్తకి. ‘శంకరాభరణము’లో పాటకు ఒక వృద్ధగాయకుడు కలడు. ఆ మనిషి కష్టసుఖములే పాటకు వస్తువు. 1980 దశకపు యుగళగీతములలో చాలవాటికి మనిషి లేడు. ఏ నాయకుడైనను ఏ నాయికతోనైనను ఏ తోటలోనైనను పాడవచ్చును. అట్టి చోట కవి చేయగలిగినది శబ్దక్రీడ యొక్కటియే. వేటూరివారు దానిని అమోఘముగా చేసిరి. చేసి చేసి అందులో మునిగిరి. రెండర్థములు వచ్చునట్లు స్త్రీ శరీరమును చమత్కారమునకు సామగ్రి చేసిన పాటలు అందు పెక్కు కలవు. వాటిని మేము నాడు సమర్థింపలేదు, నేడును సమర్థింపము. మా ఇంటి ఆడపిల్లలు వినుచుండగా ఆ పాటలు వచ్చిన లేచి రేడియో కట్టివేయుదుము.

అయినను కంటికి చెవికి గల భేదమును గమనింపవలెను. రేడియోలో మాత్రమే విన్న మాకు కోక పాట ఒక సరసపు వాదులాటగా వినబడినది. నెలలు గడచి ఆదిలాబాదులో తెరపై చూచినప్పుడు కొంత ముఖము చిట్లించుకొంటిమి. ఆ చిట్లింపును మేము కవి ఖాతాలో వ్రాసితిమి. తెరపైని చేష్ట దర్శకునిది, నాట్యాచార్యునిది. దానిని కవిపై మోపుట న్యాయమగునా?

1993 లో వచ్చిన ‘మాతృదేవోభవ’లోని రాలిపోవు పువ్వును గూర్చిన పాటకు వేటూరివారు జాతీయ పురస్కారము పొందిరి. తెలుగు సినిమాపాటకు శ్రీశ్రీ తరువాత ఆ గౌరవము తెచ్చినవారు వారే. ‘ఆనంద్’ (2004), ‘గోదావరి’ (2006) చిత్రములకు వ్రాయునాటికి వారికి డెబ్బది యేండ్లు సమీపించినవి. ఆ పాటలలో మరల మనుష్యులు కనబడుదురు, నది కనబడును. 2010 మే 22 న వారు స్వర్గస్థులైరి. ఆ వార్త వచ్చిన రాత్రి మా గోకుందలో కొందరము కూడి, తోచిన పాటలు పాడుకొంటిమి. శంకరశాస్త్రి పాటలు మూడు చరణములకే తడబడినవి. అడవిరాముని పాటలు చివరివరకు అందరికిని వచ్చినవి, నియమము పెట్టిన మాకును.

నాడు వేదిక ఎక్కనీయని బాలిక ఇప్పుడు నాందేడులో కాపురమున్నది. ఇద్దరు బిడ్డల తల్లి. ఆ బిడ్డలకు తెలుగు అర్థమగును, చదువ రాదు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు తల్లి ఆ పాటను దేవనాగరిలో వ్రాసియిచ్చి వారిచేత పాడించుచుండెను. ళకారము మరాఠీలోను కలదు గనుక చక్కగనే వచ్చినది. ప్రాస స్థానమున మాత్రము పిల్లలు దీర్ఘమును మింగుచుండిరి. మేము దగ్గర కూర్చుండి ఆ రెండు గురువులను సరిచేసితిమి. పాత నియమమును గూర్చి ఆమెయు ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

రాబోవు ఉగాది కార్యక్రమ పట్టికలో ఆ పాటయు, ‘శంకరాభరణము’ పాటయు రెండును చేర్చితిమి. ఏది ముందు పాడవలెనను తగవు మాత్రము ఇంకను తెగలేదు.