యూరిన్ పైపు ఎప్పుడు తీస్తారు?

తుంటి విరిగిన ముసలమ్మో, పక్షవాతం వచ్చిన పెద్దాయనో మంచమ్మీద లేని నర్సింగ్ హోమ్ నందిగామలోగానీ జగ్గయ్యపేటలోగానీ నాకు అరుదుగా కనిపిస్తుంది. మంచం పక్కన యూరిన్ బ్యాగు వేలాడుతుంటుంది. పలకరించడానికొచ్చిన చుట్టాలు సెలైన్ వంక చూస్తారు, "పవర్ ఉన్న ఇంజెక్షనేనా?" అని సిస్టర్ని అడుగుతారు. ఆ పైపు ఎప్పుడు తీస్తారని మాత్రం అడగరు. ముందు అడగాల్సింది అదేనని నా గట్టి నమ్మకం.

పైపు ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం పెరుగుతూ పోతుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ చేరుతుంది. చేరినంత మాత్రాన అది జబ్బు కాదు. జ్వరం, చలి, నొప్పి ఏవీ లేకుండా, మూత్రం వాసనొస్తోందని యాంటీబయాటిక్ మొదలుపెడితే ముసలి ఒంటికి విరేచనాలు పట్టుకోవచ్చు. పైగా మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలిపోతుంది. నిజంగా జ్వరం వచ్చిన రోజున ఏ మందు పనిచేస్తుందో వెతుక్కోవాలి.

అందుకే, బ్యాక్టీరియా ఒకరి నుంచి మరొకరికి పాకకుండా ఉండాలని నా చూపు సిస్టర్ చేతుల మీదే ఉంటుంది. రాత్రి డ్యూటీలో ఒక్క మనిషి మంచం నుంచి మంచానికి తిరుగుతూ బ్యాగులు ఖాళీ చేస్తుంది. బ్యాగు నడుము కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. ఎవరి మగ్గు వాళ్లకే ఉండాలి. గ్లౌజులున్నా చేతులు కడగాల్సిందే, అవే గ్లౌజులతో పక్క మంచానికి వెళ్లకూడదు. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన చోట జూన్లో ఆ లెక్క సుమారు రెండుకు దిగింది. అప్పటికి యాంటీబయాటిక్ అన్నదే లేదు.

డాక్టరుగారి ఇబ్బందీ నాకు తెలుసు. ఏ బ్యాక్టీరియానో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా జ్వరం తగ్గకపోతే ఇంటివాళ్లు బెజవాడకు బండి మాట్లాడేస్తారు. శాంపిల్ తీశాక మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి మార్చడమో ఆపడమో సరైన పద్ధతి. కానీ పెద్ద మందు నుంచి చిన్న మందుకు దిగితే వైద్యం తగ్గించారని మనవాళ్లు నొచ్చుకుంటారు. అది తగ్గించడం కాదు, ఆ బ్యాక్టీరియాకు సరిగ్గా తగిలే మందుకు మారడం. ఈ మాట మంచం దగ్గర నిలబడి చెప్పే డాక్టర్లంటే నాకు ఎంతో గౌరవం.

ఇంటికెళ్లాక ఇంకో చిక్కు. పాత స్ట్రిప్పు చూపించి మందుల షాపులో మళ్లీ కొంటారు. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా కిందున్న యాంటీబయాటిక్స్ అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టరు అడిగి చూసేవాళ్లు ఊరికొకరైనా ఉండాలి. ఇంట్లో చూసుకునే కోడలికి కావలసింది మరో స్ట్రిప్పు కాదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తల ఎత్తిపెట్టి జావ తాగించడం, నోరు శుభ్రం చేయడం, పైపు తీయించాల్సిన తేదీ... డిశ్చార్జి కాగితంలో మందుల పేర్ల కంటే ముందు ఇవి తెలుగులో రాసివ్వాలి.